కడలి దాటిన బొమ్మలు: ఒసాము తెజుకా

కడప సీమలోని మంగంపేట పేరు వినగానే ముగ్గురాయి గనులు గుర్తుకు వస్తాయి. ప్రపంచంలోని అతిపెద్ద ముగ్గురాయి నిక్షేపాలలో ఒకటిగా పేరొందిన ఆ నేలలో తవ్వి తీసిన రాయి పొడిగా మారి, ఓడలెక్కి, దూరదేశాలలో చమురు బావుల తవ్వకానికి తోడ్పడుతుంది. ఇక్కడి రాయి అలా సముద్రం దాటిపోగా, సముద్రానికి ఆవలినుండి బొమ్మలు ఇక్కడి ఇళ్ళలోకి వచ్చి చేరాయి. డోరేమాన్ అనే నీలిరంగు పిల్లి, షిన్‌చాన్ అనే అల్లరి పిల్లవాడు జపానులో పుట్టి, తెలుగు మాటలు నేర్చి, రాయలసీమ పల్లెల బాలబాలికలకు సైతం నేస్తాలయ్యారు. 2025లో ‘డీమన్ స్లేయర్’ పరంపరలోని ఒక చిత్రం తెలుగు మాటలతో సినిమాహాళ్ళలో విడుదలైంది. ఒక చిన్న ద్వీపదేశపు బొమ్మలు ఇంత దూరం ఏ దారిన నడచివచ్చాయని ఆలోచించేవారు అరుదు. ఆ దారిని తొలుత వేసినవారిలో ముఖ్యుడు ఒసాము తెజుకా. వైద్యవిద్య అభ్యసించి, పట్టా పొంది, వైద్యవృత్తిని విడిచి బొమ్మలు గీసిన వ్యక్తి ఆయన. ఆ దారి కోసం ఆయనా, ఆయనతో పనిచేసినవారూ చెల్లించిన మూల్యం చిన్నది కాదు.

తెజుకా 1928 నవంబరు 3వ తేదీన ఒసాకా ప్రాంతంలోని తొయొనాకాలో జన్మించాడు. ముగ్గురు సంతానంలో పెద్దవాడు. బాల్యమంతా తకరజుకా అనే పట్టణంలో గడిచింది. తండ్రి యుతాకాకు చలనచిత్రాలంటే మక్కువ. ఇంట్లో ఒక చిన్న ప్రొజెక్టరు ఉండేది. దానిమీద చాప్లిన్ చిత్రాలు, మిక్కీ మౌస్ బొమ్మల చిత్రాలు వేసి పిల్లలకు చూపేవాడు. తల్లి ఫుమికో బొమ్మల కథల పుస్తకాలను పాత్రకు తగినట్లు గొంతు మారుస్తూ చదివి వినిపించేది. కొడుకును ఆ పట్టణంలోని ప్రసిద్ధ స్త్రీల నాటకశాలకు తీసుకొని వెళ్ళేది. బొమ్మకు కదలికా, గొంతూ, వేషమూ తోడైతే కలిగే అనుభూతిని ఆ బాలుడు ఇంటిలోనే చవిచూశాడన్నమాట.

బడిలో మాత్రం అతనికి సుఖం లేదు. బక్కపలుచని శరీరం, రింగులు తిరిగిన జుట్టు తోటిపిల్లల ఎగతాళికి గురి అయ్యేవి. బొమ్మలు గీయడం మొదలుపెట్టిన తరువాత ఆ పిల్లలే చుట్టూ చేరసాగారు. అతని మరొక వ్యాపకం పురుగులను సేకరించడం. ఒసాముషి అనే ఒక జాతి పురుగు పేరు తన పేరును పోలి ఉండటం చూసి ముచ్చటపడి, తన పేరు రాసుకొనేటప్పుడు పురుగు అనే అర్థమిచ్చే అక్షరాన్ని చివర చేర్చుకొన్నాడు. తరువాతి కాలంలో తాను స్థాపించిన చిత్రనిర్మాణ సంస్థకు కూడా ‘ముషి’, అనగా పురుగు, అనే పేరే పెట్టుకొన్నాడు. లోకప్రసిద్ధి పొందిన సంస్థలలో ఇంత నిరాడంబరమైన పేరు గలది మరొకటి ఉంటుందా అనేది సందేహమే.

రెండవ ప్రపంచయుద్ధం అతని చదువును చెదరగొట్టింది. విద్యార్థులను ఆయుధ కర్మాగారాలకు పంపుతున్న రోజులవి. తెజుకా ఒసాకాలోని ఒక కర్మాగారంలో పనిచేశాడు. 1945 జూన్‌లో ఆ నగరంపై జరిగిన బాంబుదాడిలో వెంట్రుకవాసిలో ప్రాణాలతో బయటపడ్డాడు. చుట్టూ కాలిపోయిన శవాలను, కూలిన ఇళ్ళను చూసిన ఆ పదహారేళ్ళ యువకుని మనసులో యుద్ధంపట్ల ఏర్పడిన ఏవగింపు జీవితాంతం చెదరలేదు. ఆయన గీసిన కథలలో మృత్యువు దాపరికం లేకుండా కనిపించడానికి కారణం ఇదే.

అంతకు రెండు నెలల ముందు, అదే ఏడు ఏప్రిల్‌లో, ఒసాకాలోని ఒక సినిమాహాలులో ఆయన ‘మొమొతారో, సముద్రపు దివ్యసైనికులు’ అనే చిత్రాన్ని చూశాడు. అది జపానులో తయారైన తొలి పూర్తి నిడివి యానిమేషన్ చిత్రం. నౌకాదళం ప్రోద్బలంతో తీసిన యుద్ధప్రచార చిత్రం. బాంబుల భయానికి పిల్లలందరినీ పల్లెలకు తరలించారు గనుక హాలు దాదాపు ఖాళీగా ఉంది. పిల్లల కోసం తీసిన బొమ్మలను చూడటానికి పిల్లలే లేరు. ప్రచారం మాట ఎలా ఉన్నా, ఆ బొమ్మల కదలికలలోని సౌందర్యానికి తెజుకా కంటతడి పెట్టుకొన్నాడు. ఏనాటికైనా తానొక యానిమేషన్ చిత్రం తీసి తీరాలని ఆ చీకటి హాలులోనే నిశ్చయించుకొన్నాడు.

యుద్ధం ముగిసిన ఏడే ఒసాకా విశ్వవిద్యాలయానికి అనుబంధమైన వైద్యకళాశాలలో చేరాడు. చదువుతోపాటే బొమ్మలు గీయడమూ సాగింది. 1946 జనవరిలో ఒక పిల్లల పత్రికలో ఆయన మొదటి బొమ్మల కథ వెలువడింది. మరుసటి ఏడు, 1947లో, షిచిమా సకాయ్ అనే రచయిత కథకు తెజుకా బొమ్మలు గీసిన ‘కొత్త నిధి దీవి’ పుస్తకం వచ్చింది. నాసిరకం కాగితంపై అచ్చువేసి చౌకగా అమ్మే పుస్తకాల కోవలోనిది అది. అయినా నాలుగు లక్షల ప్రతులు అమ్ముడయ్యాయని చెబుతారు. ఆ పుస్తకం మొదటి పుటలలో ఒక బాలుడు కారులో రేవుకు పోతుంటాడు. పటం మారేకొద్దీ కారు దూరంనుండి దగ్గరకు, పక్కనుండి ఎదుటికి వస్తుంది. నాటకంలో వలె ఒకే దూరంనుండి చూపే పద్ధతిని విడిచి, కెమెరా కదులుతున్నట్లు బొమ్మలు గీశాడు. తిండికి కూడా కరువైన ఆ దేశపు పిల్లలకు అది చేతిలో ఇమిడే సినిమా అయింది.

అదే 1947 జూలైలో మద్రాసునుండి ‘చందమామ’ తెలుగు, తమిళ భాషలలో వెలువడింది. దాని స్థాపకులలో ఒకరైన బి. నాగిరెడ్డి కడప జిల్లావారు. చక్రపాణి మరొకరు. బొమ్మ అన్ని భాషలకూ ఒక్కటే. పక్కనున్న మాట మాత్రం ఏ భాషవారికి ఆ భాషలో మారుతుంది. ఆ ఉపాయంతో ‘చందమామ’ దేశంలోని అనేక భాషల ఇళ్ళలోకి చొచ్చుకొనిపోయింది. జపాను బొమ్మల చిత్రాలు ప్రపంచాన్ని చేరుకొన్న కీలకమూ ఇంచుమించు ఇదే. మనుషులు నటించిన చిత్రంలో గొంతు మార్చితే పెదవులకూ మాటలకూ పొంతన కుదరక ప్రేక్షకునికి ఎబ్బెట్టుగా తోస్తుంది. గీసిన బొమ్మకు ఆ చిక్కు తక్కువ. దాని గొంతు ఎక్కడైనా అరువు తెచ్చినదే.

వైద్యమా, బొమ్మలా అనే సంఘర్షణ తెజుకాను చాలాకాలం వేధించింది. ఆనాటి జపానులో వైద్యునికున్న గౌరవం ఎంతటిదో, బొమ్మల కథలు గీసేవానిపై ఉన్న చిన్నచూపు అంతటిది. ఎటూ తేల్చుకోలేక తల్లిని సలహా అడిగాడు. ఏది ఎక్కువ ఇష్టమో చెప్పమని ఆమె తిరిగి ప్రశ్నించింది. బొమ్మలేనని చెప్పగా, అయితే రాజధానికి పోయి ఆ పనే చేయమని ప్రోత్సహించింది. కొడుకు వైద్యుడు కావడంకంటే సంతోషంగా ఉండటం మేలని తలచిన ఆ తల్లిని తెజుకా జీవితాంతం కృతజ్ఞతతో స్మరించాడు. చదువును మాత్రం మధ్యలో విడువలేదు. 1951లో పట్టభద్రుడై, మరుసటి ఏడు వైద్యునిగా అర్హత పొందాడు. 1961లో నారా వైద్యవిశ్వవిద్యాలయంనుండి డాక్టరేటు కూడా సాధించాడు.

టోక్యో చేరిన తరువాత ఆయన కలానికి విరామం లేకపోయింది. 1950లో మొదలైన ‘అడవి చక్రవర్తి’లో లియో అనే తెల్ల సింహం కథను, 1952లో మొదలైన ‘టెట్సువాన్ ఆటమ్’లో ఒక యంత్రబాలుని కథను చెప్పాడు. రోడ్డు ప్రమాదంలో కన్నకొడుకును పోగొట్టుకొన్న ఒక శాస్త్రవేత్త ఆ దుఃఖంలో కొడుకును పోలిన యంత్రాన్ని తయారుచేస్తాడు. అది ఎన్నటికీ ఎదగదని గ్రహించి విసుగుచెంది సర్కసుకు అమ్మివేస్తాడు. బలానికి ఎదురులేని ఆటమ్ కథకు పునాది ఇంతటి తిరస్కారమే. ఏ దేశపు పిల్లవాడికైనా తండ్రి వద్దన్న బిడ్డ బాధ అర్థం కావడానికి అనువాదం అవసరం లేదు కదా!

ఆ రోజులలో టోక్యోలోని తొకివా సో అనే చెక్క మేడలో తెజుకా ఒక గది అద్దెకు తీసుకొన్నాడు. ఆయన ఖాళీచేసిన తరువాత ఆ గదిలోకి ఇద్దరు యువ చిత్రకారులు వచ్చారు. ‘కొత్త నిధి దీవి’ చదివి బొమ్మల లోకంలో అడుగుపెట్టిన స్నేహితులు వారు. ఫుజికో ఫుజియో అనే ఉమ్మడి కలంపేరుతో ప్రసిద్ధులయ్యారు. నేటి మన పిల్లలకు తెలిసిన డోరేమాన్ ఆ కలంపేరుతో వెలువడినదే.

వాల్ట్ డిస్నీ అంటే తెజుకాకు ఆరాధన. ‘బాంబీ’ చిత్రాన్ని ఎనభై సార్లకు మించి చూశానని ఆయనే చెప్పుకొన్నాడు. అయితే డిస్నీ సంస్థకున్న ధనం గానీ, మనుషులు గానీ, సమయం గానీ ఆయనకు లేవు. 1961లో స్వంత చిత్రనిర్మాణ సంస్థను నెలకొల్పి, వారం వారం అరగంటసేపు టెలివిజన్‌లో ఆటమ్ కథను ప్రసారం చేస్తానని ప్రకటించినప్పుడు, అది అసాధ్యమని ఆ రంగంలోని అనుభవజ్ఞులు తలలు అడ్డంగా ఊపారు.

వారి అనుమానానికి కారణం లెక్కలోనే ఉంది. చలనచిత్రంలో సెకనుకు 24 ఫ్రేములు కదులుతాయి. ఇరవై అయిదు నిమిషాల కథకు 36,000 ఫ్రేములు కావాలి. ఒక్కొక్క బొమ్మను రెండు ఫ్రేములకు వాడినా 18,000 బొమ్మలు గీయాలి. వారం రోజులలో ఒక చిన్న బృందం చేయగల పని కాదది. తెజుకా ఒక్కొక్క బొమ్మను మూడు ఫ్రేములకు వాడించాడు. మాట్లాడేటప్పుడు ముఖాన్ని కదల్చక నోటిని మాత్రమే కదిలించాడు. ఆటమ్ ఆకాశంలో ఎగిరే బొమ్మలను దాచి ఉంచి, నేపథ్యం మార్చి మళ్ళీ మళ్ళీ వాడుకొన్నాడు. ఉద్విగ్న సన్నివేశంలో బొమ్మను కదలకుండా నిలిపి, సంగీతంతోనూ ధ్వనులతోనూ నడిపించాడు. కదలికలో వచ్చిన లోటును కథతో పూడ్చాడు. పేదరికం నేర్పిన ఈ పొదుపే కాలక్రమంలో ఒక శైలిగా మారింది. పెద్ద కళ్ళలో నీరు నిండటం, గాలికి జుట్టు మాత్రమే కదలడం, మౌనంగా నిలిచిన ముఖం మొదలైన లక్షణాలను చూసి నేటి ప్రేక్షకుడు ఇది జపాను చిత్రమని ఇట్టే గుర్తుపట్టగలుగుతున్నాడు.

1963 జనవరి 1వ తేదీన ఆటమ్ తొలి భాగం ఫుజి టెలివిజన్‌లో ప్రసారమైంది. 1966 చివరివరకు 193 భాగాలు సాగింది. ఒక దశలో టెలివిజన్ ఉన్న ఇళ్ళలో నూటికి నలభై ఆ కార్యక్రమాన్నే చూశాయి. మెయిజీ అనే మిఠాయి సంస్థ ఖర్చును భరించింది. తన చాక్లెట్లతో ఆటమ్ బొమ్మలు పంచి లాభపడింది. బొమ్మల చిత్రం తనంత తాను గిట్టుబాటు కాకపోయినా, ఆ పాత్ర ముద్రించిన వస్తువుల అమ్మకంతో నిలబడగలదనే వ్యాపారసూత్రం జపానులో అలా వేళ్ళూనింది.

అదే ఏడు సెప్టెంబరులో ఆటమ్ అమెరికా చేరాడు. ఎన్‌బిసి సంస్థకు చెందిన ఒక విభాగం హక్కులు కొని ప్రాంతీయ టెలివిజన్ కేంద్రాలకు పంచింది. ఫ్రెడ్ లాడ్ అనే నిర్మాత ఆంగ్ల రూపాన్ని తీర్చిదిద్దాడు. ఆటమ్ పేరు ఆస్ట్రో బాయ్‌గా మారింది. మాటలు మారాయి. పిల్లలకు తగవనుకొన్న సన్నివేశాలు తొలగిపోయాయి. 104 భాగాలు ఆ విధంగా ప్రసారమయ్యాయి. తాము చూస్తున్నది జపాను కథ అనే సంగతి చూస్తున్న పిల్లలలో చాలామందికి తెలియదు.

1965లో వచ్చిన ‘అడవి చక్రవర్తి’ని జపానులో తొలి రంగుల టెలివిజన్ యానిమేషన్ ధారావాహికగా పేర్కొంటారు. 1966లో లియో ‘కింబా’ అనే పేరుతో అమెరికా వెళ్ళాడు. ఈసారి కొనుగోలుదారుల షరతులు మరింత గట్టివి. ఏ వారం కథ ఆ వారానికే ముగియాలి. సింహపు పిల్ల పెద్దది కారాదు. పుట్టుకనుండి మరణంవరకు సాగే ఒక జీవితగాథగా తెజుకా గీసిన కథకు ఇది గొడ్డలిపెట్టు. పరదేశపు గడప దాటాలంటే తల వంచవలసి వచ్చింది. అయితే తరువాతి తరాల జపాను నిర్మాతలు అంతగా వంగవలసిన అవసరం లేకపోయింది. కథ మధ్యలో నాయకుడు మరణించినా, శత్రువు మంచివాడై కనిపించినా, కథ ఏళ్ళ తరబడి సాగినా పరదేశపు ప్రేక్షకులు తమ భాషలోని గొంతులతోనో, తెర అడుగున అక్షరాలతోనో ఆదరించడం నేర్చుకొన్నారు. 2003లో హయావో మియాజాకి చిత్రం ‘స్పిరిటెడ్ అవే’ ఆస్కార్ పురస్కారం పొందేనాటికి జపాను కథను జపాను కథగానే చూడాలని కోరే ప్రేక్షకలోకం ఏర్పడింది.

ఆ మియాజాకియే తెజుకాకు కఠిన విమర్శకుడు కావడం గమనించదగినది. ఆటమ్ భాగాలను అయిన ఖర్చుకంటే చాలా తక్కువ ధరకు తెజుకా టెలివిజన్ సంస్థకు అమ్మాడు. పోటీదారులు దరిచేరరాదని, తమ లోటును వస్తువుల అమ్మకంతోనూ, తన పుస్తకాల ఆదాయంతోనూ పూడ్చుకోవచ్చని ఆయన భావించాడు. కాని ఆ తక్కువ ధరే తరువాత వచ్చిన నిర్మాతలందరికీ కొలబద్ద అయింది. దాని భారం చివరకు రాత్రింబవళ్ళు బల్లలముందు కూర్చొని బొమ్మలు గీసే చిత్రకారుల చాలీచాలని జీతాలపై పడింది. తెజుకా మరణించిన ఏడే మియాజాకి ఈ సంగతిని బహిరంగంగా ఎత్తిచూపాడు. నేరమంతా ఒక్కరిదే అనడం న్యాయం కాదు. ఎవరు ముందుగా మొదలుపెట్టినా టెలివిజన్ వ్యాపారం ధరను అణచడానికే చూసేది. అయినా లోకమంతటా చౌకగా చేరుకొన్న ఆ వినోదం వెనుక తక్కువ కూలికి వంగిన వెన్నులు ఉన్నాయన్నది కాదనలేని నిజం.

ఆ లెక్క తెజుకాను కూడా విడిచిపెట్టలేదు. అప్పులు పెరిగాయి. 1971లో ఆయన తాను స్థాపించిన సంస్థ అధ్యక్షపదవినుండి తప్పుకొన్నాడు. 1973లో ఆ సంస్థ దివాలా తీసింది. పత్రికలు ఆయన కాలం ముగిసిందని తలచాయి. సరిగ్గా ఆ ఏటి చివరనే ఒక పత్రికలో ‘బ్లాక్ జాక్’ మొదలైంది. లైసెన్సు లేకుండా శస్త్రచికిత్సలు చేసే ఒక అసాధారణ వైద్యుని కథ అది. చిన్ననాట చదివి పక్కన పెట్టిన వైద్యశాస్త్రం కష్టకాలంలో కథారూపంలో ఆయనను ఆదుకొంది. కొద్దికాలంలోనే పాఠకులు తిరిగి ఆయన చుట్టూ చేరారు.

ఆ కాలంలోనే సాగిన మరొక మహారచన ‘బుద్ధ’. 1972నుండి 1983వరకు, పదకొండేళ్ళపాటు గీసిన ఈ కథ భారతభూమికి సంబంధించినది. ఇది సిద్ధార్థునితో మొదలుకాదు. కులవ్యవస్థలో అట్టడుగున పడివున్న చాప్రా అనే బానిసబాలునితో మొదలవుతుంది. ఈ పాత్ర తెజుకా కల్పన. కృష్ణాతీరంలోని అమరావతి స్తూపపు తొలినాటి శిల్పులు బుద్ధుని మానవరూపంలో చూపక, పాదముద్రలతోనూ ఖాళీ ఆసనంతోనూ సూచించారు. తెజుకా ఆయనకు అలసట, సందేహం, కన్నీరు గల ముఖాన్ని గీశాడు. భారతదేశంనుండి చైనా, కొరియాల మీదుగా జపాను చేరిన ధర్మం బొమ్మల రూపంలో మళ్ళీ బయలుదేరి ఆంగ్ల పాఠకులను చేరింది. ఆ ఆంగ్ల రూపానికి 2004, 2005 సంవత్సరాలలో అమెరికాలోని ఐస్నర్ పురస్కారాలు లభించాయి.

డబ్బు తెచ్చిపెట్టే ధారావాహికలకు దూరంగా, తన తృప్తికోసం చిన్న చిన్న ప్రయోగచిత్రాలు కూడా తీశాడు. ఆరు నిమిషాల ‘జంపింగ్’ 1984లో జాగ్రెబ్ ఉత్సవంలోనూ, ‘బ్రోకెన్ డౌన్ ఫిల్మ్’ 1985లో జరిగిన తొలి హిరోషిమా ఉత్సవంలోనూ అత్యున్నత బహుమతులు పొందాయి. గంతులు వేస్తూ పోయే ఒక పిల్లవాని కంటితో ‘జంపింగ్’ మొత్తం కనిపిస్తుంది. గంతు గంతుకూ ఎత్తు పెరుగుతూ ఊళ్ళు, సముద్రాలు, చివరకు యుద్ధభూమి కూడా దాటిపోతాడు. ఇందులో సంభాషణలు లేవు. ఏ దేశానికి పంపినా మార్చవలసిన మాటే లేదు.

1994లో డిస్నీ సంస్థ ‘ది లయన్ కింగ్’ విడుదల చేసినప్పుడు, అందులో ‘అడవి చక్రవర్తి’ ఛాయలున్నాయని జపానులోని అనేకమంది చిత్రకారులు అభ్యంతరం తెలిపారు. డిస్నీ సంస్థ ఆ మాటను అంగీకరించలేదు. డిస్నీని చూసి బొమ్మల కదలిక నేర్చుకొన్న తెజుకా అప్పటికి లేడు. ఉండి ఉంటే కోపగించేవాడో, మురిసిపోయేవాడో ఊహించడం కష్టం.

నిద్ర తక్కువ, పని ఎక్కువ అయిన ఆయన శరీరం 1988నాటికి కడుపులో క్యాన్సరుతో కృశించింది. ఆనాటి జపాను సంప్రదాయం ప్రకారం రోగం పేరు ఆయనకు చెప్పలేదు. స్వయంగా వైద్యశాస్త్రం చదివినవాడు గ్రహించలేదని అనుకోవడం ఎలా? ఆసుపత్రి మంచంమీద కూడా కాగితం, పెన్సిలు అడిగి తెప్పించుకొని గీస్తూనే ఉన్నాడు. చివరి రోజులలో తనను పని చేసుకోనివ్వమని బతిమాలాడని చెబుతారు. 1989 ఫిబ్రవరి 9వ తేదీన, అరవయ్యవ ఏట మరణించాడు. అప్పటికి ఆయన గీసిన పుటలు దాదాపు లక్షా యాభై వేలు. ముప్పై ఏళ్ళకు పైగా గీస్తూ వచ్చిన ‘అగ్నిపక్షి’ ముగింపు చేరనేలేదు. సంగీతకారుడు బీథోవెన్ జీవితంపై గీస్తున్న కథతో కలిపి మూడు ధారావాహికలు మధ్యలోనే నిలిచిపోయాయి.